తొలి ఎంబ్రాయిడరీ మిషన్ కొనేవారికి: ఎంపిక, పరీక్ష, కొటేషన్

కావలి, కందుకూరు, దర్శి, గూడూరు వైపుల నుంచి కుట్టుపని తెలిసినవారు నన్ను తరచుగా అడిగే ప్రశ్న ఒకటే: "మగ్గం వర్కుకు మనుషులు దొరకడం లేదు, కంప్యూటర్ వర్క్ మిషన్ పెట్టుకుందామనుకుంటున్నాము, ఏది కొనమంటారు?" ఒక్కొక్కరికి విడిగా చెప్పేటప్పుడు ఏదో ఒక ముఖ్యమైన సంగతి మిగిలిపోతోంది కాబట్టి, నెల్లూరులో ఈ పని చేస్తూ నేర్చుకున్నదాన్ని వరుసగా రాస్తున్నాను. ఒకటి రెండు హెడ్ల (హెడ్ అంటే సూదుల వరుస ఉండి కుట్టే భాగం) మిషన్‌తో మొదలుపెట్టేవారికి ఇది సరిపోతుంది. ఇరవై హెడ్లతో చీరల మీద పనిచేసే పెద్ద యూనిట్ల లెక్క వేరు.

నా మొదటి మిషన్‌ను, అమ్మేవారు తెల్లటి గుడ్డ మీద కుట్టి చూపించిన గులాబీ పువ్వును చూసి కొన్నాను. ఇంటికి తెచ్చాక మొదటి పట్టు బ్లౌజు మీద జరీ దారం పదే పదే తెగింది, బట్ట ముడతలు పడింది, ఆ ముక్క ఖరీదు నేనే కట్టుకోవలసి వచ్చింది. మిషన్‌లో లోపం లేదు. నేను అక్కడ నా బట్ట మీద, నా దారంతో కుట్టించి చూడకపోవడమే పొరపాటు. అందుకే పరీక్ష గురించిన భాగాన్ని మిగతావాటికంటే వివరంగా రాశాను.

ముందుగా సిద్ధం చేసుకోవలసినవి

- మీకు గానీ, మీకు తెలిసిన టైలరుకు గానీ గత మూడు నెలల్లో వచ్చిన ఎంబ్రాయిడరీ ఆర్డర్ల జాబితా
- మీ ఊళ్లో ఎక్కువగా వచ్చే బట్టలు నాలుగు రకాలు: పట్టు, రా సిల్క్, నెట్టు, కాటన్, ఒక్కొక్కటి అర మీటరు
- మీరు వాడబోయే జరీ దారం, రంగు దారం, బాబిన్ దారం, బ్యాకింగ్ పేపరు (బట్ట ముడత పడకుండా వెనుక పెట్టేది)
- పెన్‌డ్రైవులో డీఎస్‌టీ ఫైలుగా (ఎంబ్రాయిడరీ మిషన్లు చదివే ఫైలు రకం) మీ సొంత డిజైన్ ఒకటి
- కొలత టేపు, చిన్న కత్తెర, భూతద్దం, సమయం చూడటానికి ఫోను
- మిషన్ పెట్టబోయే గది కొలతలతోపాటు, గుమ్మం వెడల్పు, మెట్ల మలుపు కొలతలు

1. ముందు ఆర్డర్లను విడదీయండి

జాబితాను మూడు వరుసలుగా రాయండి. మొదటిది బ్లౌజులు, లంగా ఓణీల వంటి పెళ్లి పని. రెండవది స్కూలు, కాలేజీ యూనిఫాంల మీద మోనోగ్రాములు. మూడవది సంస్థల చొక్కాలు, టోపీల మీద పేర్లు. చీమకుర్తి గ్రానైటు యూనిట్లు, తీరప్రాంతపు రొయ్యల కంపెనీలు ఇలాంటి పని ఇవ్వగలవు. ప్రతి వరుస ఎదుట ఆ పని ఏ నెలల్లో వచ్చిందో కూడా రాయండి. మాఘం, ఫాల్గుణం, వైశాఖం, శ్రావణం నిండుగా ఉంటాయి. ఆషాఢం, పుష్యం ఖాళీగా గడుస్తాయి. మోనోగ్రాముల పని మే, జూన్ నెలల్లో వచ్చి పడుతుంది.

బ్లౌజులే ఎక్కువైతే పెద్ద ఏరియా (ఒకే బిగింపులో కుట్టగల చోటు), జరీ పనితనం ముఖ్యం. మోనోగ్రాములు ఎక్కువైతే సన్నని అక్షరాల స్పష్టత, త్వరగా మార్చుకోగల ఫ్రేములు ముఖ్యం. టోపీల ఆర్డరు చేతిలో లేనప్పుడు క్యాప్ ఫ్రేమ్ కోసం అదనపు డబ్బు పెట్టవలసిన అవసరం లేదు. తరువాత అమర్చుకునే వీలుందా అని మాత్రం అడిగి ఉంచుకోండి.

2. హెడ్ల సంఖ్య, సూదుల సంఖ్య నిర్ణయించుకోండి

ఇక్కడ చాలామంది పొరబడతారు. ఒక హెడ్‌లో సూదులు ఎన్ని ఉన్నా, ఒక సమయంలో కుట్టేది ఒక్క సూదే. 15 సూదులంటే 15 రంగుల దారాలను ముందే ఎక్కించి ఉంచుకోవచ్చని అర్థం, అంతేగాని పని పదిహేను రెట్లు వేగంగా సాగుతుందని కాదు. బ్లౌజు డిజైన్లలో సాధారణంగా ఐదారు రంగులు, వాటితో ఒకటి రెండు జరీ ఛాయలు ఉంటాయి కాబట్టి 12 సూదులు చాలు. ధరలో తేడా తక్కువగా ఉంటే 15 తీసుకోండి. ఎక్కువగా ఉంటే ఆ డబ్బుతో అదనపు ఫ్రేములు కొనుక్కోవడం మేలు.

హెడ్ల విషయంలో ఇంకా జాగ్రత్తగా ఆలోచించాలి. రెండు హెడ్ల మిషన్ రెండు వేర్వేరు డిజైన్లను ఒకేసారి కుట్టదు. రెండు ఫ్రేములూ ఒకే కదలికతో సాగుతాయి కాబట్టి రెండు హెడ్లూ ఒకే డిజైన్‌ను పక్కపక్కనే కుడతాయి, ఒకదానిలో దారం తెగితే రెండూ ఆగుతాయి. రెండు చేతుల మీద నెమళ్లు ఎదురెదురుగా చూడాలన్నా, మామిడి పిందెల కొనలు ఒకదానికొకటి తిరగాలన్నా, ఒక చేతికి డిజైన్‌ను అద్దంలో ప్రతిబింబంలా తిప్పి కుట్టాలి. ఆ జత రెండు హెడ్ల మీద ఒకేసారి రాదు. ఒక్కో కస్టమరు ఒక్కో డిజైన్ అడిగే బ్లౌజు పనికి రెండు హెడ్ల ఒక మిషన్‌కంటే, పని పెరిగాక కొనే రెండవ ఒంటి హెడ్ మిషన్ ఎక్కువ ఉపయోగపడుతుంది. ఒకే మోనోగ్రాము వందల సంఖ్యలో కుట్టేవారికి మాత్రం రెండు హెడ్లు లాభమే.

ప్రత్యామ్నాయం: పెట్టుబడి బాగా తక్కువైతే ఉషా జనోమ్ వంటి ఒంటి సూది ఇంటి మిషన్‌తో పని నేర్చుకోవచ్చు. రంగు మారిన ప్రతిసారీ దారం మీరే మార్చాలి కాబట్టి పెళ్లిళ్ల సీజన్‌లో అది వ్యాపారానికి సరిపోదు. పది సూదుల బ్రదర్ పీఆర్1055ఎక్స్ వంటివి చిన్న గదిలో ఇముడుతాయి గాని, వాటి ఏరియా 360×200 మి.మీ. మాత్రమే.

3. ఏరియాను బట్ట మీద కొలిచి చూడండి

మీరు ఎక్కువగా చేసే బ్లౌజు వెనుక భాగాన్ని పరచి, డిజైన్ వచ్చే చోటు వెడల్పు, ఎత్తు టేపుతో కొలవండి. వెడల్పు 14 నుంచి 16 అంగుళాలు, ఎత్తు కూడా దాదాపు అంతే వస్తుంది. 400×500 మి.మీ. ఏరియాలో, అంటే సుమారు 16×20 అంగుళాల్లో, ఇది ఒకే బిగింపులో పూర్తవుతుంది. 360×200లో అయితే డిజైన్‌ను విడగొట్టి బట్టను రెండోసారి ఫ్రేమ్‌కు బిగించాలి. అతుకు దగ్గర ఒక్క మిల్లీమీటరు జరిగినా కంటికి కనబడుతుంది.

హెచ్చరిక: కాగితంలో రాసిన ఏరియా, ఫ్రేమ్ లోపల సూది నిజంగా చేరగల ఏరియా ఒకటి కావు. ఫ్రేమ్ బిగించి, సూదిని నాలుగు మూలలకూ నడిపించి, ఆ మూలల మధ్య దూరాన్ని మీ టేపుతో కొలిచి రాసుకోండి.

4. వేగాన్ని మీరే లెక్కకట్టండి

నిమిషానికి 1,000 లేదా 1,200 కుట్లు అని రాసి ఉన్నది ఆ మిషన్ చేరుకోగల గరిష్ఠ వేగం. సాధారణ దారంతో 700 నుంచి 850 వరకు, జరీతో 500 నుంచి 650 వరకు నడిపితే దారం తెగకుండా పని సాగుతుంది. 60,000 కుట్ల బ్లౌజును 650 వేగంతో కుడితే 92 నిమిషాలు పడుతుంది. ఫ్రేమ్ బిగించడం, రంగుల మార్పు, దారం తెగినప్పుడు ఎక్కించడం కలిపితే రెండు గంటలు. ఎనిమిది గంటల్లో నాలుగు బ్లౌజులు. ఈ లెక్కనే నమ్మండి. 1,000 వేగంతో గంటలో అవుతుందని చెప్పేవారిని, జరీతో ఆ వేగంలో పది నిమిషాలు నడిపి చూపమనండి.

5. అదనపు పరికరాలు

చమ్కీలు కుట్టే సీక్వెన్స్ పరికరం సాధారణంగా మొదటి లేదా చివరి సూది దగ్గర అమరుతుంది కాబట్టి ఆ సూదిని మామూలు రంగులకు లెక్కించకండి. మీ జాబితాలో చమ్కీ పని ఐదింట ఒకటికి తక్కువైతే ఇప్పుడే వద్దు. కార్డింగ్ (సన్నని తాడును బట్ట మీద కుట్టేది), పూసల పరికరాల విషయంలోనూ అంతే.

6. గది, కరెంటు, వాన

ఒంటి హెడ్ మిషన్ సింగిల్ ఫేజ్ 230 వోల్టుల మీద నడుస్తుంది. ప్రమాదం కరెంటు ఖర్చు వల్ల కంటే వోల్టేజీ ఎగుడుదిగుళ్ల వల్లే ఎక్కువ, ఎందుకంటే కాలిపోయిన కంట్రోల్ బోర్డు మారేదాకా వ్యాపారం ఆగిపోతుంది. సర్వో స్టెబిలైజరు, ఈ మిషన్‌కు విడిగా ఎర్తింగ్ తప్పనిసరి. ఎలక్ట్రీషియన్‌తో న్యూట్రల్‌కూ ఎర్త్‌కూ మధ్య వోల్టేజీ కొలిపించండి. అది రెండు మూడు వోల్టులు దాటితే ఎర్తింగ్ సరిచేయించిన తరువాతే మిషన్ దింపుకోవాలి. నెల్లూరు జిల్లా కరెంటు పంపిణీ సంస్థ ఏపీఎస్పీడీసీఎల్, ప్రకాశం జిల్లాది ఏపీసీపీడీసీఎల్. ఇంటి మీటరు మీద వ్యాపారం నడపవచ్చో లేదో మీ సెక్షన్ ఆఫీసులో ముందే అడగండి.

మిషన్‌ను సిమెంటు నేల మీద, నాలుగు కాళ్లూ సమానంగా ఆనేలా పెట్టాలి. మేడ మీద పెట్టేవారు బరువు ఎన్ని కిలోలో అడిగి, మెట్ల మలుపులో తిరుగుతుందో లేదో చూడండి. గుమ్మం చాలక చౌకట్టు ఊడదీసినవారిని నేను చూశాను. కింది అంతస్తులో పెట్టేవారు 2021 నవంబరులో పెన్నా పొంగినప్పుడు తమ వీధిలో నీరు ఎంత ఎత్తు వచ్చిందో కనుక్కుని, కంట్రోల్ బాక్సు, స్టెబిలైజరు అంతకంటే పైన ఉండేలా చూసుకోవాలి. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు వానలకు రేయాన్ దారం తడి పీల్చి బలం తగ్గుతుంది; రీళ్లను మూత ఉన్న డబ్బాల్లో ఉంచండి. సముద్రానికి దగ్గరలో ఉన్నవారు హుక్, సూది బార్ తుప్పు పట్టకుండా రోజూ పొడిగుడ్డతో తుడిచి, మిషన్‌తో ఇచ్చిన పుస్తకంలో చెప్పిన చోట నూనె వేయాలి.

7. డెమోలో పరీక్షించండి

దీనికి కనీసం రెండు గంటలు కేటాయించండి. అమ్మేవారి గుడ్డ, అమ్మేవారి దారం, అమ్మేవారి డిజైన్ వద్దని మర్యాదగానే చెప్పి, మీ సంచిలోవి బయటకు తీయండి.

అ) డిజైన్: మీ ఫైలులో ఒక వృత్తం, ఒక చదరం, వాటి చుట్టూ అంచు గీత, వెడల్పైన శాటిన్ పట్టీ (పక్కపక్కనే దగ్గరగా పడే కుట్ల పట్టీ), నిండు ఫిల్లింగ్, 5 మి.మీ. ఎత్తు అక్షరాలు ఉండేలా పంచింగ్ చేసేవారితో, అంటే బొమ్మను మిషన్ కుట్ల ఫైలుగా మార్చేవారితో, ముందే చేయించండి. డీఎస్‌టీ ఫైలులో దారం రంగులు ఉండవు, రంగు మార్చమనే గుర్తు మాత్రమే ఉంటుంది. ఏ రంగుకు ఏ సూది అనేది మిషన్ తెర మీద మీరే పెట్టి చూడండి. అప్పుడు ఆ తెర మీకు అర్థమవుతోందో లేదో కూడా తెలుస్తుంది.

ఆ) అంచుల పరీక్ష: వృత్తం మొదలైన చోటే ముగియాలి. ఫిల్లింగ్‌కూ అంచు గీతకూ మధ్య బట్ట కనబడకూడదు. కనబడితే వెంటనే మిషన్‌ను తప్పుపట్టకండి. అదే డిజైన్‌ను గట్టి కాటన్ మీద, రెండు పొరల బ్యాకింగ్‌తో మళ్లీ కుట్టించండి. అప్పుడు సరిగా వస్తే లోపం బిగింపులోదో డిజైన్‌లోదో. అప్పటికీ ఖాళీ అదే వైపున వస్తే ఫ్రేమ్ నడిపే భాగంలో వదులు ఉందని అర్థం.

ఇ) టెన్షన్ (దారం బిగువు): ప్రతి సూదితోనూ ఒక అంగుళం శాటిన్ పట్టీ కుట్టించి, బట్టను తిరగేసి భూతద్దంతో చూడండి. వెనుకవైపు మధ్యలో మూడో వంతు తెల్ల బాబిన్ దారం, ఇరువైపులా రంగు దారం కనబడాలి. తెలుపు అసలు లేకపోతే పై దారం వదులుగా గాని, బాబిన్ బిగుతుగా గాని ఉంది. తెలుపు పైవైపుకు తేలితే దానికి విరుద్ధం. సరిచేయించి మళ్లీ చూడండి. ఒక్క సూదితో కుట్టి చూపి "అన్నీ ఇంతే" అంటే ఒప్పుకోకండి.

ఈ) జరీ: 75/11 సూది మామూలు దారానికి సరిపోతుంది; జరీకి కన్ను పెద్దదైన 90/14 సూది పెట్టించండి. 600 వేగంతో ఇరవై నిమిషాలు ఆపకుండా నడిపి, ఎన్నిసార్లు తెగిందో లెక్కపెట్టండి. ఒకటి రెండుసార్లు తెగడం సహజం. ఐదారుసార్లు తెగితే దారం మార్చి మరోసారి ప్రయత్నించండి, అయినా తెగుతుంటే ఆ మిషన్‌ను పక్కన పెట్టండి.

ఉ) సెన్సర్లు: మిషన్ నడుస్తుండగా, సూదికి దూరంగా పైన ఉన్న దారాన్ని కత్తెరతో కత్తిరించండి. నాలుగైదు కుట్లలోనే మిషన్ ఆగాలి. ఆగకుండా ఉత్త సూదితో పోతూ ఉంటే రేపు మీరు పక్క గదిలో ఉన్నప్పుడు బ్లౌజు పాడవుతుంది.

ఊ) కరెంటు కోత: డిజైన్ మధ్యలో మెయిన్ స్విచ్ ఆపించి, రెండు నిమిషాల తరువాత వేయించండి. ఆగిన కుట్టు దగ్గరనుంచే అందుకుని, జరుగుబాటు లేకుండా సాగాలి. మన పల్లెల్లో ఈ ఒక్క గుణం లేని మిషన్, మిగతా అన్ని గుణాలూ ఉన్నా పనికిరాదు.

ఋ) నెట్టు, పట్టు: రెండింటి మీదా చిన్న బుటా కుట్టించి, ఫ్రేమ్ నుంచి తీసి, పది నిమిషాలు అలాగే వదిలి, తరువాత చూడండి. ముడతలు బిగింపులో ఉన్నప్పుడు కనబడవు, విప్పాక బయటపడతాయి.

కుట్టిన ముక్కలన్నిటి మీద తేదీ, మిషన్ మోడల్, వేగం రాసి ఇంటికి తెచ్చుకోండి. రెండో చోట చూసిన ముక్కలతో పక్కపక్కన పెట్టి పోల్చితే నిర్ణయం తేలికవుతుంది.

పాత మిషన్ కొనేవారు పై పరీక్షలతోపాటు, తెర మీద మొత్తం కుట్ల లెక్క చూపించమని అడగండి. సూది దిగే ప్లేటు రంధ్రం అంచును, హుక్ కొనను వేలితో తడిమితే గీతలు తెలుస్తాయి. కంట్రోల్ బోర్డు మోడల్ నంబరు ఫొటో తీసుకుని, ఆ బోర్డు ఇప్పటికీ దొరుకుతుందో లేదో ఇద్దరు టెక్నీషియన్లను అడిగిన తరువాతే డబ్బు ఇవ్వండి. తజిమా, బరుడాన్ వంటి జపాన్ మిషన్లు పాతవైనా గట్టిగా ఉంటాయని చెప్పేది నిజమే గాని, దొరకని బోర్డు ముందు ఆ గట్టిదనం అక్కరకు రాదు.

8. సర్వీసు, కొటేషన్

నెల్లూరు నుంచి చెన్నై సుమారు 175 కిలోమీటర్లు, ఒంగోలు నుంచి విజయవాడ సుమారు 150. టెక్నీషియన్ అక్కడివాడైతే మరునాటికి రాగలడు. దూర రాష్ట్రంలో ఉంటే వారం పడుతుంది. కనిగిరి, పొదిలి వైపు వారు ఇంకో పూట కలుపుకోవాలి. ఆ కంపెనీ మిషన్ మీ జిల్లాలో వాడుతున్న ఇద్దరి చిరునామాలు అడిగి, స్వయంగా వెళ్లి, "చివరిసారి పాడైనప్పుడు ఎన్ని రోజులకు వచ్చారు, ఎంత తీసుకున్నారు?" అని కనుక్కోండి. అలాంటి ఇద్దరిని చూపలేకపోతే, ధర ఎంత తగ్గించినా తొందరపడవద్దు.

కొటేషన్ కాగితం మీద ఇవన్నీ రాయించండి: జీఎస్‌టీ కలిపిన ధరా, కలపనిదా, రవాణా, దింపుడు ఖర్చు ఎవరిది, ఫ్రేములు ఏ కొలతలవి, ఎన్ని జతలు, శిక్షణ ఎన్ని రోజులు, మీ చోటనా వారి చోటనా, వారంటీ మోటారుకు, బోర్డుకు, తెరకు విడివిడిగా ఎన్ని నెలలు, వారంటీలో వచ్చిన టెక్నీషియన్ దారి ఖర్చు ఎవరు పెట్టుకోవాలి. "సాఫ్ట్‌వేర్ ఉచితం" అంటే అది లైసెన్సుతో ఇస్తున్నారా అని అడగండి. కాపీ చేసిన సాఫ్ట్‌వేర్ ఒకరోజు ఆగిపోతే బాధ్యత ఎవరూ తీసుకోరు. మొదటి సంవత్సరం పంచింగ్ బయట చేయించుకోవడమే చౌక.

9. అప్పు

ముద్రా రుణంలో 50,000 వరకు శిశు, 5 లక్షల వరకు కిశోర్, 10 లక్షల వరకు తరుణ్. ప్రధానమంత్రి ఉపాధి కల్పన పథకంలో రాయితీ జనరల్ వర్గానికి పట్టణంలో 15, పల్లెలో 25 శాతం. మహిళలు, ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీలకు 25, 35 శాతం. ఈ పథకం, ఈ శాతాలు దరఖాస్తు రోజుకు అమల్లో ఉన్నాయో లేదో జిల్లా పరిశ్రమల కేంద్రంలో నిర్ధారించుకోండి. ఈ పథకంలో తొలి రుణం కొత్త యూనిట్లకే కాబట్టి మంజూరు కాకముందే మిషన్ కొనేస్తే అర్హత పోవచ్చు. ఉద్యమ్ నమోదు (చిన్న పరిశ్రమలకు ప్రభుత్వ నమోదు) ఉచితం. దానికి డబ్బు అడిగేవారిని నమ్మకండి.

ఉదాహరణకు 5 లక్షలు, 11 శాతం వడ్డీ, ఐదేళ్లయితే నెల వాయిదా సుమారు 10,900 రూపాయలు. నెలకు 25 పనిదినాలనుకుంటే రోజుకు 435. నాలుగో దశలోని రోజుకు నాలుగు బ్లౌజుల లెక్కను దీని పక్కన పెట్టండి, కాని ఆషాఢంలో వచ్చే ఆర్డర్లతో లెక్కకట్టండి, శ్రావణంతో కాదు. దారం, బ్యాకింగ్, పంచింగ్, కరెంటు, మనిషి కూలి తీసేశాక ఆ 435 మిగలకపోతే, మిషన్ ధర తగ్గించుకోవాలి లేదా ఆర్డర్లు పెంచుకున్న తరువాత కొనాలి.

10. మిషన్ దిగిన తరువాత మొదటి నెల

టెక్నీషియన్ వెళ్లిపోకముందే డెమోలో కుట్టిన అదే ఫైలును, అదే బట్ట మీద, అదే వేగంతో కుట్టించి, ఆ రోజు తెచ్చుకున్న ముక్కతో పోల్చండి. తేడా ఉంటే ఆయన ఉండగానే సరిచేయించాలి. సంతకం ఆ తరువాతే పెట్టండి. మొదటి వారం కస్టమర్ల పట్టు ముక్కలు ముట్టకుండా, కాటన్ మీదే పని చేయండి.

మిషన్ పక్కన ఒక నోటు పుస్తకం వేలాడదీసి, దారం తెగిన ప్రతిసారీ సూది నంబరు, దారం రకం, వేగం రాయండి. అన్ని సూదుల దగ్గరా ఒకే దారం తెగుతుంటే ఆ రీలు మార్చండి. ఏ దారం పెట్టినా ఒకే సూది దగ్గర తెగుతుంటే ముందు సూది మార్చి, తగ్గకపోతే ఆ దారం నడిచే దారిలో ఎక్కడైనా గీత పడిందేమో చూడండి. అన్ని సూదులూ, అన్ని దారాలూ తెగుతుంటే హుక్ టైమింగ్ (సూది దిగే సమయానికి హుక్ దారాన్ని అందుకునే పొంతన) చూడవలసి ఉంటుంది. అది మీరు విప్పవద్దు, ఆ పుటను ఫొటో తీసి, శిక్షణ రోజులు ముగియకముందే టెక్నీషియన్‌కు పంపండి.